చీటీ కట్టిన పిస్తోలు

2023 మే నెల. ఐర్లండ్‌లోని అత్లోన్‌లో నది ఒడ్డున ఉన్న మా కొట్లో ఒకవైపు చేపల గాలాలు, మరోవైపు వేట తుపాకులు అమ్ముతాం. ఆ కౌంటరు వెనక నేను నిలబడి అప్పటికి పద్నాలుగేళ్లు. చదువుకోవడానికి వచ్చి, ఖర్చులకని శనాదివారాలు ఇక్కడ పనికి చేరాను. చదువు అయిపోయింది, పని మాత్రం నన్ను వదల్లేదు. తుపాకుల కొట్లో తెలుగువాడేమిటని మనవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ జిల్లాలో ఏ రైతు చేతికి ఏ తుపాకీ సరిపోతుందో మా యజమాని డెక్లన్ కంటే నాకే బాగా తెలుసు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు.

ఒక శనివారం సుజాత వచ్చింది. ఊళ్లోని మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. సొంత ఊరు మార్కాపురం దగ్గర. మన తెలుగు సంఘం పండగల్లో రెండు మూడుసార్లు చూసిన మనిషే.

"అన్నా, మా నాన్నకి ఒక పిస్టల్ కావాలి," అంది.

"ఎవరి మీద కోపం వచ్చిందంట?" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఫోన్లో ఒక పాత ఫొటో తీసి నా ముందు పెట్టింది. కోరమీసం, ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం, నడుముకి తోలు సంచీలో పిస్తోలు. వాళ్ల నాన్న నరసయ్య గారు. సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యారు. ఆ వేసవికి కూతురి దగ్గరికి వచ్చారు. మూడు వారాల్లో డెబ్భయ్యో పుట్టినరోజు. కమ్యూనిటీ హాలు తీసుకుంది, అరవై మందిని పిలిచింది. అచ్చం ఫొటోలో ఉన్నలాంటి పిస్తోలు చెక్క పలక మీద బిగించి, కింద ఇత్తడి రేకు మీద 'ఈ పిస్తోలుతో సరిహద్దు కాచిన మా నాన్నకి' అని చెక్కించి, అందరి ముందు తెర తీయాలని ఆమె కోరిక.

"బడ్జెట్ రెండు వందల యూరోలు అన్నా. అంతకుమించితే మా ఆయన కళ్లెర్ర చేస్తాడు."

ఇలాంటి చోటే మా పని తెలుస్తుంది. ఈ దేశంలో చేతి తుపాకీకి లైసెన్సు దొరకడం గగనం. డీయాక్టివేటెడ్ అని ఒక రకం ఉంటుంది, అంటే అసలు తుపాకీనే మళ్లీ పేలకుండా లోపల పాడుచేసింది. దానికీ గార్డులు అనే ఇక్కడి పోలీసుల సూపరింటెండెంటు రాసిచ్చిన అనుమతి కావాలి, ధర కూడా ఎక్కువ. మిగిలింది ఎయిర్‌సాఫ్ట్. చూపుకీ బరువుకీ అసలు దానిలాగే ఉంటుంది, కానీ ప్లాస్టిక్ గుండ్లు విసిరేది. బలం ఒక జౌల్ లోపే కాబట్టి చట్టం దాన్ని తుపాకీ కింద లెక్కవేయదు. ఇంట్లో ఉంచుకోవచ్చు, బయట వీధిలో చేత పట్టుకుని తిరిగితే మాత్రం గార్డులు ఊరుకోరు. ఇదంతా ఆమెకి చెప్పి, ఫొటోలో సంచీ ఆకారం, పిడి అంచు చూసి, మోడల్ ఏదో అరనిమిషంలో తేల్చేశాను. లోహంతో చేసినది, నూట నలభై యూరోలు. ఆమె మొహం వెలిగిపోయింది. నా ఛాతీ కూడా రెండంగుళాలు పెరిగిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

నాకొక పద్ధతి ఉంది. ఎవరి కోసం కొంటున్నారో వాళ్ల చేతిలో పెట్టి చూడకుండా వస్తువు అమ్మను. "నాన్నకి తెలిస్తే సర్‌ప్రైజ్ పోతుంది కదా," అంది సుజాత. "గాలం కొందామని తీసుకురండి. మిగతాది నాకు వదిలేయండి," అన్నాను.

మరుసటి శనివారం నరసయ్య గారిని తీసుకొచ్చింది. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నారు. గాలాల వైపు చూడనే లేదు, తిన్నగా గాజు బీరువా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పార్కింగ్ టికెట్ పెట్టి వస్తానని సుజాత బయటికి వెళ్లింది. నేను మామూలుగా మాట కలిపి ఆ పిస్తోలు తీసి చేతికిచ్చాను.

ఆ చేతుల్ని చూసి తీరాలి. ముందు మ్యాగజీన్, అంటే గుండ్ల పెట్టె, లాగి పక్కన పెట్టారు. పైనున్న స్లైడ్ వెనక్కి లాగి లోపలికి చూశారు. చూసింది చాలక చిటికెన వేలు పెట్టి తడిమారు. స్లైడ్ తెరిచే ఉంచి, గొట్టం గోడవైపు తిప్పి, కౌంటరు మీద పెట్టారు. ఇంత చేయడానికి నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది.

"బొమ్మది," అన్నారు. "ఇది నా కోసమేనా బాబూ?"

కాదనలేక తలూపాను.

"మా సుజి ఫోన్లో ఆ ఫొటోని పెద్దది చేసి చేసి చూస్తా, పలక గురించి అల్లుడితో చెప్తా ఉంటే అనుకున్నా. ఇదిగో, నీకు చెప్తన్నా. ఆ పిస్తోలు నాది కాదయ్యా. హవల్దారుకి పిస్తోలు ఎవడిస్తాడు? అది మా కెప్టెన్ సాబ్‌ది."

అప్పుడు తట్టింది నాకు. ఫొటోలో చేతి మీద మూడు చారలు స్పష్టంగా ఉన్నాయి. ఆ హోదా మనిషి నడుముకి ఆ పిస్తోలు ఎందుకుంటుందని పద్నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడు అడగాలా వద్దా? మోడల్ కనిపెట్టిన సంబరంలో పప్పులో కాలేశాను.

ఆయన గుమ్మం వైపు ఒక కన్నేసి, గొంతు తగ్గించి చెప్పారు. ఆయన పనిచేసింది వర్క్‌షాప్‌లో. ఆర్మరర్, అంటే ఆయుధాలు బాగుచేసే మనిషి. ఒకరోజు కెప్టెన్ పిస్తోలు బాగుచేసి ఇస్తుంటే క్యాంపుకి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. 'పెట్టుకోవోయ్, పెళ్లిచూపులకి పనికొస్తుంది' అని కెప్టెన్ నవ్వి, తన బెల్టే ఇచ్చాడు. ఫొటో తీసినంతసేపే అది ఆయన నడుముకి ఉంది.

"పెళ్లైన వారానికే మా ఆడమనిషికి చెప్పేశా. పగలబడి నవ్వింది. సుజికే చెప్పలేకపోయా. బళ్లో అందరికీ మా నాన్న పిస్తోలుతో యుద్ధం చేశాడని చెప్పుకొచ్చేది. ఆ మొహం చూసి ఎట్టా చెప్పేది? కానీ ఇప్పుడు అరవై మంది ముందర అబద్ధం కింద కూకోలేను బాబూ. ఆ పలక పెడితే నేను హాలుకి రాను. నువ్వే ఏదోటి చెప్పి మాన్పించు."

సరుకు లేదనో, చట్టం మారిందనో ఒక మాట అంటే అయిపోయేది. నేను ఒప్పుకోలేదు. "చెప్పాల్సింది మీరే అంకుల్. దారి నేను చేస్తాను," అన్నాను.

వెనక గదిలో ఒక కస్టమర్ తిరిగిచ్చిన పిస్తోలు ఉంది, ఇదే మోడల్. స్లైడ్ ఇరుక్కుపోయింది. డెక్లన్ రెండు రోజులు కుస్తీ పట్టి, చెత్తబుట్టే గతి అనేశాడు. సుజాత లోపలికి వచ్చేసరికి దాన్ని ఆయన ముందు పెట్టి, పక్కన సన్న స్క్రూడ్రైవర్ కూడా పెట్టాను. ఆయన నన్ను ఒక చూపు చూశారు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, తెల్లగుడ్డ అడిగి పరుచుకున్నారు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చారు. ఒక స్ప్రింగు తీసి, వెలుతురులో పెట్టి చూసి, "తిరగేసి పెట్టాడు ఎవడో," అన్నారు. మళ్లీ బిగించి స్లైడ్ లాగితే టక్కుమని కదిలింది. డెక్లన్ వెనక నుంచి చూస్తూ, "జీసస్, దట్స్ గ్రాండ్," అని మెచ్చుకున్నాడు.

"నాన్నా, ఇదంతా నీకెట్లా వచ్చు?" అంది సుజాత.

ఆ ఫొటో కథ ఆయన ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే ఇన్నేళ్లూ నేను అందరికీ చెప్పిందంతా అబద్ధమా?"

"శత్రువు మీద నేను ఒక్క గుండు కూడా పేల్చలేదమ్మా. పేల్చే పిల్లోళ్ల తుపాకులు మొరాయించకుండా చూశా. అక్కడ తుపాకీ మొరాయిస్తే పిల్లోడు ఇంటికి రాడు. బాగుచేసిన ప్రతిదానికీ పరీక్షించి చీటీ కట్టేవోణ్ణి, నా సంతకంతో. రాత్రిళ్లు ఆ చీటీలే గుర్తొచ్చేయి నాకు."

"ఒక్కటైనా మొరాయించిందా?"

"నా చీటీ కట్టినాక మొరాయించిందని ఒక్క మాట కూడా రాలేదు," అన్నారు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం గొంతు పెద్దదైంది.

సుజాత నూనె మరకలు మిగిలిన ఆ గుడ్డని దగ్గరికి లాక్కుంది. తర్వాత ఇంజనీరు గొంతుతో, "అన్నా, పిస్టల్ అదే ఇవ్వు. కానీ పలక మీద విప్పి పెట్టు. నాన్న గుడ్డ మీద పేర్చిన వరసలోనే," అంది. అలాగే చేశాను. ముక్కలన్నీ వరసగా, పక్కన ఒక స్క్రూడ్రైవర్, నూనె డబ్బా. ఇత్తడి రేకు మీద పేరు, 'ఆర్మరర్' అన్న ఒక్క మాట.

పుట్టినరోజున నన్నూ పిలిచారు. తెర తీసి సుజాత మైకు పట్టుకుని, "మా నాన్న జీవితంలో శత్రువు మీద ఒక్క గుండు కూడా పేల్చలేదు," అని మొదలుపెట్టింది. వచ్చినవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిగతాది చెప్పేసరికి చప్పట్లు ఆగలేదు. నరసయ్య గారిని మాట్లాడమంటే మైకు తీసుకోలేదు. పలక దగ్గరికి నడిచి, ఒక్కో ముక్కా వేలితో తడిమి చూసుకున్నారు.

ఆ రోజు నుంచి నా పద్ధతికి ఇంకో మెట్టు కలిపాను. ఎవరైనా సైనికుడి పేరు మీద వస్తువు అడిగితే, ఏ మోడల్ అని అడిగే ముందు ఆయన అక్కడ ఏం పని చేసేవారని అడుగుతున్నాను. చాలామంది పిల్లలకు తెలియదు. కనుక్కుని రమ్మని పంపిస్తాను. అమ్మకం ఒక వారం ఆలస్యమవుతుంది, అయితే అవనీ.

ఇంతకీ ఆ పుట్టినరోజున ఆయన ముక్కల్ని తడమడం అయ్యాక జేబులోంచి దారం కట్టిన అట్టముక్క ఒకటి తీశారు. ఇంట్లోనే రాసి తెచ్చుకున్నట్టున్నారు. దాన్ని పలక కొక్కేనికి కట్టి, ముడి గట్టిగా లాగి చూసి, వెనక్కి వచ్చి నిటారుగా కూర్చున్నారు. దాని మీద 'పరీక్షించాను. సరిగా ఉంది' అని రాసి, కింద సంతకం చేసి ఉంది.