చెప్పుల పక్కన పెట్టిన సీసా

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, పక్కింటి ఇటలీ ముసలాయన లూకాని చేపల పులుసు తినడానికి పిలిచాం. ఆయన చల్లటి వైన్ సీసా తెచ్చి నా చేతికిచ్చాడు. దేవుడున్న ఇంట్లో మందు సీసానా అనుకుని, తీసుకెళ్లి గరాజ్‌లో చెప్పుల పక్కన పెట్టేశాను.

భోజనాల దగ్గర ఆయన బల్లంతా వెతికి చూశాడు.

"అమ్మా, అంకుల్ తెచ్చిన వైన్ ఏదే?"

"చెప్పుల దగ్గర పెట్టానే."

అమ్మాయి ముఖం మాడిపోయింది. గరాజ్‌లోకి వెళ్లి చెప్పుల మధ్యలోంచి తను సీసా తీస్తుంటే, తెరిచిన తలుపులోంచి ఆయన చూడనే చూశాడు. కోప్పడలేదు. దాని పేరు వెర్దిక్కియో అట. వాళ్లమ్మ పుట్టిన కొండ ఊళ్లో పచ్చటి ద్రాక్షతో చేస్తారట.

"ఇవాళ మా అమ్మ పోయిన రోజు. చేపలు వండితే ఇది లేకుండా అమ్మ ముద్ద ముట్టేది కాదు," అన్నాడని అమ్మాయి తెలుగులో చెప్పింది.

తల్లి తద్దినానికి తెచ్చినదాన్నా నేను చెప్పుల్లో పెట్టింది! కొంగుతో సీసా తుడిచి, మా పెద్దలకు పెట్టినట్టే, మొదటి గ్లాసు ఆయన పక్కన ఖాళీ కుర్చీ ముందు పెట్టాను. ఆయన కళ్లు తుడుచుకుని నాకూ కాస్త పోశాడు. చుక్క నాలుకకి తగిలితే పుల్లమామిడి కొరికినట్టు జివ్వుమంది.

ఇప్పటికీ గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆ సీసా గుర్తొచ్చి తల దించుకుంటాను.