విమానం ఫ్లాప్, మరియమ్మక్క మాట

నేను విమానాలు బాగుచేసే షెడ్డులోని పాత రెండు సీట్ల విమానానికి, రెక్క వెనక కదిలే పలకను, అంటే ఫ్లాప్‌ను, పైకెత్తి వదిలితే కాసేపటికే కిందికి జారిపోతోంది. దాన్ని ఎత్తి పట్టేది నూనె ఒత్తిడే కాబట్టి ఆ గొట్టాలన్నీ తడిమినా ఎక్కడా చుక్క నూనె కారలేదు. ఇక తుక్కుకి ఇచ్చేస్తానన్నారు విమానం యజమాని. ఈ ఉదయం చిల్లకూరులో ట్రాక్టర్లు బాగుచేసే మరియమ్మక్క జాకీ కోసం వచ్చి, అది జారడం చూసింది.

“బయట కారకుంటే సిలిండర్ లోపలే కారతా ఉంటాది అబ్బయా. మా ట్రాక్టర్లో నాగలినెత్తే లిఫ్టూ ఇట్నే దిగిపోతాది” అనింది.

“ఇది విమానం అక్కా!”

“అది ట్రాక్టరో విమానమో నూనెకేం తెలుసు?”

సిలిండర్ విప్పితే లోపలి రబ్బరు రింగు అరిగిపోయి ఉంది. కొత్తది వేశాను. పైకెత్తిన ఫ్లాప్ సాయంత్రం దాకా జారలేదు. యజమాని మొహం వెలిగింది.

ఇరవై ఏళ్ల అనుభవమని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇకపై అక్క లేనప్పుడే చెప్పుకోవాలి. మీ పనిలో మీకిలా దారి చూపిందెవరు?