పెద్దల్లుడి చెవులు

ఈ ఉదయం నందిగామలో మా బాత్రూమ్ గీజరు దగ్గర ధబ్‌మని చప్పుడైంది. మామూలు ధబ్ కాదు. హైవే మీద పోయే లారీల వాళ్ళు తమ టైరే పేలిందనుకుని దిగి చూసుకుని ఉంటారు. నేనింకా తువ్వాలు చుట్టుకోకముందే మా ఆవిడ వంటింట్లోంచి, “జగ్గయ్యపేట బావగారికి ఫోన్ చెయ్యండి,” అంది. కట్టుకున్నవాడు అదే గీజరు కింద రెండు చెవులతో నిలబడి ఉన్నాడన్న సంగతి ఆవిడకి గుర్తు రాలేదు. పన్నెండేళ్ళుగా రావడం లేదు.

బావగారంటే మా ఆవిడ అక్కగారి భర్త, నా తోడల్లుడు. జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్ళు పిండి చేసే క్రషర్ దగ్గర ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. అది పైకి. లోపల పిలుచుకునే పేరు అచ్చులో వేయదగ్గది కాదు.

మా అత్తగారిల్లూ జగ్గయ్యపేటలోనే. ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల. అక్కడి బోరు నీళ్ళు బకెట్లో వారం నిలవుంచితే గోడకి వెల్ల వేసుకోవచ్చు. కందిపప్పు ఈ పూట పొయ్యెక్కిస్తే మర్నాటికి ఉడికినా ఉడికినట్టే. ఆ నీళ్ళు తాగీ తాగీ అత్తగారి గీజరు పన్నెండేళ్ళ కిందట ఒక చలికాలం గొంతు చించుకోవడం మొదలుపెట్టింది. స్విచ్ వేస్తే చాలు, లోపల ఎవరో మూకుట్లో గులకరాళ్ళు వేయిస్తున్నట్టు చప్పుడు. అత్తగారు హడలిపోయి వారం రోజులు చన్నీళ్ళే పోసుకున్నారు. ఆ ఆదివారం అల్లుళ్ళం ఇద్దరం అక్కడే ఉన్నాం. నేను గీజరు వంక గంభీరంగా చూసి, పాతబడింది, మార్చెయ్యమన్నాను. తోడల్లుడు ఫ్యాన్లు ఆపించాడు, మిక్సీ ఆపించాడు, పక్కింటి వాళ్ళ టీవీ కూడా ఆపించాడు. అప్పుడు పప్పుగుత్తి తెమ్మన్నాడు. కాడ చివర గీజరుకి ఆనించి, గుండు చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాక్టరీలో బేరింగుల చప్పుడు ఇలాగే ఇనప కడ్డీతో వింటారట. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, నేను తప్ప. నేను కావాలనే దగ్గాను.

“రాడ్డుకి సున్నం పట్టేసింది అత్తయ్యా. దాని సందుల్లో నీళ్ళు చిక్కుకుని మరుగుతున్నయ్,” అన్నాడు. విప్పి చూస్తే నిజంగానే వేలెడు లావు రాడ్డు చెరుకుగడంత అయింది. ఆ మధ్యాహ్నం భోజనాల్లో అత్తగారు పెరుగు గిన్నె మీది మీగడ, అరచేతి మందం ఉంటుంది, మొత్తం తీసి ఆయన కంచంలో వేశారు. నాకు అడుగున మిగిలిన పలచటి పెరుగు. “మా పెద్దల్లుడివి చెవులు కాదమ్మా, వరాలు,” అని కూతుళ్ళకి చెప్పారు. మా ఆవిడ నా చెవుల వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ కాలుస్తుంది.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయనకంటే ముందు నేను కనిపెట్టాలి. ఏడాది పాటు నాకింకో ఆశయం లేదు. పప్పుగుత్తి పట్టుకుని ఫ్రిజ్జు విన్నాను, మోటారు విన్నాను, మా ఆవిడ గురక కూడా విన్నాను. అన్నీ ఒకేలా వినపడ్డాయి. మరుసటి చలికాలం అత్తగారి గీజరు మళ్ళీ మొదలెట్టిందని, పెద్దల్లుడు డ్యూటీలో ఉన్నాడని తెలిసి, దొరికిన మొదటి బస్సెక్కాను. సున్నం కరగాలంటే పులుపు పడాలి. రాగి బిందె తోమడానికి చింతపండు ఉండగా గీజరుకి ఇంకేం కావాలి? కిలో చింతపండు పిసికి, పైపు విప్పి, లోపలికి పోసి మూత బిగించాను. వడకట్టలేదు. ఆ ఒక్కటే నా తప్పని ఈనాటికీ వాదిస్తాను.

అత్తగారు తలంటుకుని బయటికొచ్చారు. జుట్టు నిండా చింతపండు పీచు. “పోపొక్కటే తక్కువండి అల్లుడుగారూ,” అన్నారు, చాలా మర్యాదగా.

సాయంత్రం తోడల్లుడొచ్చాడు. షవర్లోంచి పిప్పి తీశాడు, రాడ్డు విప్పాడు, నా మొహం చూశాడు. “తమ్ముడు చేసింది మంచిదే అత్తయ్యా. సున్నం మెత్తబడింది. లేకపోతే ఇంత తేలిగ్గా ఊడొచ్చేది కాదు,” అన్నాడు. నవ్వి ఉంటే క్షమించేవాణ్ణి. అందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చాడు చూశారూ, అక్కడ కుళ్ళిపోయాను. మంచితనంలో కూడా నాకు చోటు మిగల్చని మనిషి.

ఇవాళ ఆయనకి ఫోన్ చేసి గీజరు దగ్గర పట్టుకున్నాను. కుళాయి కట్టేసినప్పుడల్లా ధబ్‌మంటోంది.

“ముందా మోటారు ఆపు తమ్ముడూ, గీజరు చప్పుడు వినపడట్లా,” అన్నాడు. మోటారు నడవడం లేదు. ఏదీ నడవడం లేదు. మళ్ళీ ధబ్‌మనిపించాను. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. తోడల్లుడు మాత్రం, “సున్నమే అయ్యుంటదిలే. రాడ్డు మార్పించు,” అన్నాడు.

తర్వాత ఫోన్ వదినగారు, అదే మా ఆవిడ అక్కగారు, తీసుకున్నారు. పక్కకి వెళ్ళి కాబోలు, నెమ్మదిగా చెప్పారు. “ఈ మధ్య ఆయనకి సరిగా వినపడట్లేదండి. అన్నేళ్ళు క్రషర్ హోరులో చేశారుగా. మమ్మల్నెవరికీ చెప్పనివ్వట్లేదు.”

గీజరు స్విచ్ ఆపేశాను. ఆపినా కుళాయి కట్టేస్తే ధబ్‌మంటూనే ఉంది. అంటే రాడ్డూ కాదు, సున్నమూ కాదు. గోడకి చెవి ఆనించి వెతికాను. పైపుని గోడకి పట్టి ఉంచే క్లాంపు ఒకటి ఊడి, పైపు గోడకేసి కొట్టుకుంటోంది. పాత హవాయి చెప్పు ముక్క కోసి సందులో దూర్చి, క్లాంపు బిగించాను. కుళాయి తిప్పాను, కట్టేశాను. నిశ్శబ్దం.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. “ఏమన్నారు బావగారు?”

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది.

“క్లాంపు ఊడిందన్నాడు,” అన్నాను.

“చూశారా, ఫోన్లోనే చెప్పేశారు,” అంటూ ఆవిడ మురిసిపోతూ వెళ్ళిపోయింది. అలవాటు కొద్దీ ఆయన్ని లోపలి పేరుతో ఒకసారి పిలుచుకున్నాను. ఆయన్ని చూసి కుళ్ళుకుంటూ పన్నెండేళ్ళు గడిపాను. ఆ పన్నెండేళ్ళూ ఆయనకి కూడా గడుస్తున్నాయన్న సంగతి మాత్రం నాకు ఒక్కనాడూ తట్టలేదు.