తలుపు రబ్బరుకు రాసిన నూనె

ఒమాన్ దేశం సహంలోని మా గ్యారేజీలో కొత్తవాళ్లకు ఒక కథ చెబుతారు. నూనె తలవాడొకడు అర్బాబ్ కారు చెడగొట్టి ఇంటికి పోయాడని. ఆ కథ నేనూ చెప్పాను, నవ్వించేలా చెప్పాను. అది అబద్ధం.

అర్బాబ్ అంటే మా యజమాని. ఆ కారు ఆయన తండ్రిది. రెండు సీట్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ముసలాయన మంచం పట్టాక షెడ్డులో ఎండిపోయింది. సీట్ల తోలు పెచ్చులు లేచింది, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు వేలితో నొక్కితే పొడిగా రాలింది. తండ్రిని ఒక్కసారి అందులో సముద్రం ఒడ్డుకు తిప్పాలని అర్బాబ్ కోరిక. లోపలి పనంతా నాకు అప్పగించి, తోడుగా మా జగిత్యాల వైపు కుర్రాణ్ని ఇచ్చాడు. తమ్ముడనే పిలిచేవాణ్ని.

అతను పొద్దున్నే తలకు కొబ్బరినూనె పట్టించి డ్యూటీకి వచ్చేవాడు.

“తమ్మీ, నీ తల పిండితె రూమ్‌ల అందరికీ పూరీలు కాల్తయ్‌రా,” అనేవాణ్ని.

“పిండు అన్నా, మిగిల్తె నీ బట్టతలకు రాస్త,” అనేవాడు.

మీగడ రంగు తోలుతో సీట్లు, తలుపుల లోపలి వైపు ఇద్దరం కుట్టాం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొత్త రబ్బరు మాత్రం గాడిలోకి దిగలేదు. సబ్బునీళ్లు రాసి జార్చాలి. ఆ ఎండకు అవి రాసిన చోటే ఆరిపోయాయి. అతను భోజనానికి వెళ్లాడు. నాకేమో తొందర. అతని సంచిలోంచి నూనె సీసా తీసి రబ్బరుకు పట్టించాను. సులువుగా దిగింది. రబ్బరుకు నూనె పడదని నాకు తెలుసు. కొంచెమే కదా అనుకున్నాను.

దుమ్ము పడకుండా అద్దాలు ఎత్తి కారును ఎండలో ఉంచాం. కొన్నాళ్లకే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, అద్దానికి అతుక్కుంది. తండ్రిని తీసుకురాబోయే ముందు అర్బాబ్ అద్దం దించితే రబ్బరు తెగి దానితోపాటే లోపలికి పోయింది. కొత్త తోలు మీద నూనె చారలు. ఆయన వేలితో రాసి వాసన చూశాడు. తర్వాత మా తలలు చూశాడు.

“యే తేరా తేల్ హై?” నీ నూనేనా అని అతన్ని అడిగాడు.

“తేల్ మేరా హై అర్బాబ్, లేకిన్...” నూనె నాదే కానీ, అంటూ అతను నా వైపు తిరిగాడు. “అన్నా, నువ్వన్న చెప్పు. నేను రబ్బర్ ముట్టలే గదా.”

నా వీసా రెన్యువల్ ఆయన చేతిలో ఉంది. నేను గుడ్డ తీసుకుని మరక తుడవడం మొదలుపెట్టాను.

అతని వీసా క్యాన్సిల్ అయింది. మళ్లీ రబ్బరు తెప్పించేలోగా ముసలాయన పోయాడు. ఆ కారు ఎక్కనే లేదు.

ఈమధ్య అర్బాబ్‌కు నిజం చెప్పాను. “ఖలాస్,” అయిపోయిందిలే అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. అప్పుడు ఊరికి ఫోన్ చేశాను.

“నాకు ఆ దినమే ఎర్కే అన్నా,” అన్నాడు తమ్ముడు. “సీసా మూత సక్కగ పెట్టలె నువ్వు. సంచంత తడిసింది.”

“మరి ఎందుకు చెప్పలేదురా?”

“నువ్వే చెప్తవనుకున్న.”

“ఇప్పుడేం పని చేస్తున్నవ్‌రా?” అని అడిగాను.

“ఈడ గూడ మెకానిక్ షాపులల్ల రానిస్తలేరు. నూనె చేతులోడు అంటున్నరు. ఆడికెల్లి వచ్చిన మనోళ్లు చెప్పిన్రట.”

“నేను మాట్లాడ్త తమ్మీ వాళ్లతోని. నిజం చెప్త.”

“వద్దన్నా. నువ్వు చెప్తె మంచిగ నవ్వొస్తదంట గదా. ఇది గూడ గట్లనే అనుకుంటరు.”