జీలాండ్ నాణెం తోమిన శనివారం

మా చిన్నప్పుడు, కార్ఖానా అనే పేటలో ఉండగా, నెలకో శనివారం ఇల్లంతా పళ్ళపొడి వాసన... మర్నాడు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల. ద్రాక్షరసం పోసే వెండి గిన్నెను తోమే పని అమ్మది, సాయం నాది. తడిగుడ్డకు తెల్ల పళ్ళపొడి అద్ది రుద్దితే నలుపు వదిలి గిన్నెలో మొహం కనబడేది.

"దేవుడి బల్ల మీదికి నల్లగా వెళ్ళకూడదే" అనేది అమ్మ.

నాకప్పుడు పదకొండేళ్ళు. గిన్నె అయిపోయింది, గుడ్డకింకా పొడి ఉంది... నాన్న బల్ల మీద ఒక నల్లటి నాణెం ఉంది.

నాన్న హిస్టరీ మాస్టారు, సొంతూరు బందరు. ఒకప్పుడు అక్కడ వ్యాపారం చేసిన డచ్చివాళ్ళ వెండి నాణేలంటే ప్రాణం. వాళ్ళ దేశంలో ఏడు రాష్ట్రాలు, ఒక్కోదానికీ సొంత నాణెం. అన్నిటి మీదా కత్తి ఎత్తిన గుర్రపురౌతే... గుర్రం కాళ్ళ కింది ముద్రే వేరు. నాన్న దగ్గర ఆరు రాష్ట్రాలవి ఉన్నాయి. ఏడోది జీలాండ్‌ది, అలల్లోంచి లేచే సింహం. అది నాన్న స్నేహితుడు, పక్కపేట తిరుమలగిరిలో వెండిపని చేసే రహీం చాచాది, వాళ్ళ తండ్రి జ్ఞాపకం. మిగతా ఆరింటి పక్కన పెట్టి చూసుకోమని వారం రోజులకు ఇచ్చాడు.

"జెర పైలం మాస్టర్ సాబ్. నలుపు పోతె నాణెం పోయినట్టే" అన్నాడు ఇస్తూ. ఆ మాట అప్పుడే విన్నానో, తర్వాత నాన్న చెబితే తెలిసిందో... ఇప్పటికీ తేల్చుకోలేను.

తోమేశాను. తళతళలాడింది. గీతల్లోని నలుపు పోయేసరికి సింహం జూలూ అలలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

మధ్యాహ్నం నాన్న వచ్చి భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నా వేళ్ళకింకా తెల్లపొడి.

"నాలుగింటికి చాచా వస్తాడు. నువ్వు లోపలే ఉండు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది... ఆ మూడు గంటలు గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను.

కర్టెన్ సందులోంచి చూస్తూ విన్నాను.

"నేనే తోమాను, రహీం భాయ్."

"మీరా? తోమొద్దని ఇన్నేండ్ల సంది నాకు చెప్పిందే మీరు గద."

నాన్న భూతద్దాన్ని సొరుగులో పెట్టాడు.

"మజాక్ చేస్తున్నరా?"

"లేదు."

ఇచ్చినప్పుడు మఖ్మల్ గుడ్డలో చుట్టి తెచ్చిన నాణెం అది. చాచా ఆ గుడ్డను మడిచి ఒక జేబులో పెట్టుకున్నాడు. నాణేన్ని రెండో జేబులో, తాళంచెవుల మధ్య వేసుకున్నాడు... ఆ చప్పుడు!

"చాయ్ తాగి వెళ్ళండి భాయ్."

"మల్లొస్త, మాస్టర్ సాబ్."

తర్వాతా వచ్చాడు, చాయ్ తాగాడు, నవ్వాడు. కానీ ఏ నాణేన్నీ మా ఇంట్లో వదల్లేదు. అరచేతిలో చూపించి, తిరిగి జేబులో వేసుకునేవాడు.

నాన్న నన్నే కాపాడాడా, పిల్లను కోప్పడాల్సిన ఇబ్బంది నుంచి చాచాను కాపాడాడా? నేను భయంతో ఊరుకున్నానా, తప్పు నాన్న మీదికి పోవడం హాయిగా ఉందనా? తెలియదు.

ఇప్పుడు పాత నాణేలను ప్లాస్టిక్ పెట్టెల్లో సీలు వేసి అమ్ముతున్నారు. ఎవరూ ఎవరి బల్ల మీదా వదిలి వెళ్ళనక్కర్లేదు... నాన్నా చాచా ఇద్దరూ కాలం చేశారు. మీ తప్పునూ ఎవరైనా ఇలా తమ మీద వేసుకున్నారా? ఉంటే కామెంట్లలో రాయండి.

రహీం చాచా కూతురు షాహీన్ నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉంది. షాహీన్, ఆ నాణెం తోమింది మా నాన్న కాదు. నేను.