దక్షిణానికి తిరిగిన పలక

లేడీస్మిత్‌లో సూర్యుడు మా మల్లయ్య తాతని అడిగిగాని ఉదయించేవాడు కాదు. నమ్మకపోతే మీ ఖర్మ. నలభై ఏళ్ళు రైలు పట్టాల మీద ఎండలో పనిచేసిన మనిషి. నీడ చూసి టైము చెప్పేవాడు.

అంతటి మనిషి ఇంటికి కరెంటు లేదు. తెల్లా నల్లా తేడా లేకుండా అందరం మొదటిసారి ఓట్లేసి మూడేళ్ళయినా ఊరవతలి ఆ తోటదాకా తీగ రాలేదు. అవ్వ పోయాక ఆ ఇంట్లో తెలుగు మాటా పోయింది. సాయంత్రాలు కోళ్ళతో మాట్లాడేవాడు. అవి పెందరాళే పడుకునేవి.

రేడియో కోసం కప్పు మీద సోలార్ పలక పెట్టించుకుందామనుకున్నాడు. ఆంధ్రా నుంచి ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ఇంజనీరు వాసుదేవరావు సాయం చేస్తానన్నాడు. దుకాణం క్లైవ్ మూడు రకాల పలకలిచ్చి, నచ్చింది ఉంచుకోమన్నాడు: గోధుమరంగుది చవక, బలం తక్కువ, తళుకుల నీలంది మధ్యరకం, నున్నటి నల్లది ఖరీదు.

జూన్ నెల, ఇక్కడ చలికాలం. వాసుదేవరావు ముందు చవకది ఎక్కించాడు. "మా ఊళ్ళో అన్నీ దక్షిణానికే తాతగారూ," అంటూ బిగించాడు. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి కాస్తుంది. నిచ్చెన పట్టుకున్న తాతకి అది పుట్టినప్పటినుంచీ తెలుసు. చొక్కాలు ఉత్తరపు గోడకే ఆరేసేవాడు. చెప్పబోయాడు.

"వంకాయ పులుసు వాసనా తాతగారూ? మా అమ్మ గుర్తొచ్చింది!"

తాత చెప్పబోయింది మింగేశాడు. "తిని ఎల్దువు దిగు బాబూ."

ఏడు కొట్టేసరికి రేడియో మూగబోయింది. మరుసటి శనివారం నీలంది ఎక్కింది, ఆపై శనివారం నల్లది. రేడియో పలకలేదు గాని, మధ్యాహ్నమంతా వాసుదేవరావు పలికేవాడు. తాత శుక్రవారమే గడ్డం గీసుకుని కూర్చునేవాడు.

నాలుగో శనివారం నేను వెళ్ళేసరికి వాసుదేవరావు తల గోక్కుంటున్నాడు. "మూడు రకాలూ అయిపోయాయి. అన్నీ క్లైవ్‌కి తిరిగిచ్చేస్తాను తాతగారూ."

తాత మొహం వాడిపోయింది. "నీలందానికి ఇంకో వారం చూద్దాం బాబూ. పాపం, దానికి మబ్బు అడ్డొచ్చింది."

ఆ చలికాలమంతా మబ్బన్నదే లేదు. కప్పు కేసి చూశాను. తాతని కోళ్ళగూడు వెనక్కి లాగాను.

"తాతా, పలక దక్షిణానికుంది! నువ్వు చూళ్ళేదా? ఆయనకి చెప్పెయ్యనా?"

"నోర్ముయ్ పిల్లా. బాగైతే ఆడెందుకొస్తాడు? నువ్వు ఈస్టర్‌కి వచ్చేవు, మళ్ళీ మూణ్ణెల్లకి ఇయ్యాల."