సాంచాలు ఆగిన మూడు రోజులు

మా బిడ్డకు రెండున్నరేళ్లు దాటినా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. మూగదేమో అని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోతే మాత్రం, చూపులు చెప్పవా? మా అత్త ఒకరోజు నా చెవిలో నోరు పెట్టి అరిచింది.

"తల్లిగారింట్ల పురుడు వోసుకున్నవ్ గద! పొల్లకు వస సక్కగ పోసిండ్రా లేదా?"

వసకొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. నాకు కోపం ముక్కు మీదుంటుంది. "మా అవ్వ పోసిన వసతోనే గద నేను గింత మాట్లాడుతున్న" అన్నాను. సాంచాలు నడుస్తున్నాయి కాబట్టి ఆమెకు వినపడలేదు. వినపడితే ఆ పూట ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటాం. మా ముందు గదిలో నాలుగుండేవి. వెనక గదిలో మా వంట, తిండి, పడక. మధ్యలో గోడ ఉంది గానీ తలుపు లేదు. మల్లాపూర్‌లో వరిపొలాల పక్కన పెరిగిన నేను పెళ్లయిన కొత్తలో చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. ఆర్నెల్లకు దూది అక్కర్లేకుండా పోయింది. ఆ ఇంట్లో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. నోటి దగ్గర ఐదు వేళ్లు పెడితే అన్నం. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. రెండు వేళ్లు తెంపినట్టు చూపిస్తే పోగు తెగిందని. మా మామ అయితే రోజంతా నోరు తెరవకుండానే ఇల్లు నడిపేవాడు. కరెంటు అప్పుడప్పుడు పోయేది, గంటో రెండు గంటలో. పోగానే ఎక్కడివాళ్లం అక్కడే నిద్రకు పడేవాళ్లం.

జగిత్యాలలో పిల్లల డాక్టరు ఒకాయన ఉన్నాడని మా అవ్వ కబురు పంపింది. సోమవారం పొద్దుటి బస్సుకు పోదామని సంచి సర్దుకున్నాను. ఆదివారం ముసురు పట్టింది. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని అన్నలు, అదే నక్సలైట్లు, ఆ రోజు నుంచే మూడు రోజుల బంద్‌కు పిలుపిచ్చారు. బస్సులు డిపో దాటలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా సాయంత్రం గాలికి కరెంటు తీగలు తెగాయి. ఆ రోజుల్లో బంద్ నాడు రోడ్డెక్కాలంటే లైన్‌మన్‌కూ భయమే. సాంచాలు ఆగిపోయాయి. గంభీరావుపేట నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా ఆడబిడ్డ, ఆమె కొడుకు మాతోపాటు ఇరుక్కుపోయారు. వాడు మా పిల్లకంటే నాలుగు నెలలే పెద్ద. వసపిట్ట. లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూసేవాడు కాదు. వాణ్ని చూస్తే ముద్దొచ్చేది, కడుపులో మండేది కూడా. పసివాడి మీద ఓర్వలేనితనమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

బయట వాన, వీధి చివర పోలీసు జీపు. లోపల ఇద్దరు పిల్లలు. పక్కింటి టీవీ కూడా కరెంటు లేక ఉత్త డబ్బా. ఇల్లు కారుతోంది కనుక కారిన చోటల్లా ఏదో ఒకటి పెట్టాను. ఒకచోట స్టీలు గిన్నె, ఇంకోచోట ఇత్తడి చెంబు, మూలన పాత నూనె డబ్బా. మా పిల్ల పోయి చెంబు ముందు కూర్చుంది. టంగుమనగానే నవ్వింది. డబ్బాలో టప్పుమంటే తల తిప్పి అటు పరుగెత్తింది. దాని వెనక నిలబడి గరిటెతో గిన్నె మీద మెల్లగా కొట్టాను. తిరిగి చూసింది. ఇంకా మెల్లగా కొట్టాను. మళ్లీ చూసింది. నా బిడ్డకు చెవులున్నాయి! గరిటె పట్టుకునే ఏడ్చాను.

మర్నాడు ఖాళీ కండెలు గంపెడు బోర్లించాను. కండె అంటే నూలు చుట్టే చిన్న కర్ర. పిల్లలు వాటితో ఇళ్లు కట్టారు, కూలగొట్టారు, చాప మీద దొర్లించారు. వరసగా పేరిస్తే బస్సయింది. వాడు కండక్టరై "జగిత్యాల, కోరుట్ల! ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అని అరిచాడు. బంద్‌లో నడిచిన బస్సు అదొక్కటే. మధ్యాహ్నం అన్నం కలిపి, వాళ్ల వైపు తిరిగి, నోటి దగ్గర ఐదు వేళ్లు పెట్టాను. మా పిల్ల వచ్చి కూర్చుంది. వాడు కదల్లేదు. నా మొహంలోకి వింతగా చూశాడు.

"అత్తమ్మా, నీకు నోరు నొస్తందా?"

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. సాంచాల మోత లేదు, మెల్లగా అన్నా వినపడుతుంది. అయినా బిడ్డను చేత్తోనే పిలిచాను. పురిటింటి నుంచి తెచ్చిన నాటి నుంచీ పిలుస్తున్నది అలాగే. నిద్రపుచ్చడమూ వీపు తట్టడమే, ఎవరికి వినపడుతుందని పాడాలి? తప్పు నాలుకదీ కాదు, వసదీ కాదు. ఆ పిల్లతో మాట్లాడిన వాళ్లే లేరు. ఇంత చిన్న సంగతి తల్లినై ఉండి తెలుసుకోలేదని సిగ్గుతో చచ్చాను. ఆ సిగ్గులోనే కొండంత ఆశ కూడా పుట్టింది.

ఇక ఆ పూట నుంచి నా నోటికి తాళం లేదు. కండె అన్నాను, చెంబు అన్నాను, వాన అన్నాను, అన్నదే అన్నాను. మా పిల్ల నా పెదవులు వేళ్లతో పట్టుకుని చూసేది. మూడో రోజు కండె దొర్లించి "కం" అంది. బియ్యం చెరుగుతున్న మా అత్త చేట ఆపింది.

"ఏమన్నదే అది?"

"నువ్వే ఇన్నవ్ గదత్తా."

"దగ్గినట్టున్నది తియ్" అంది గానీ సాయంత్రం దాకా ఆ పిల్ల పక్కనుంచి లేవలేదు.

నాలుగో రోజు పొద్దున బల్బు వెలిగింది. మామ లేచి ముందు గదిలోకి నడిచాడు. మూడు రోజులు పని ఆగిన మనిషిని ఇంకాసేపు ఆగమనే ధైర్యం, ఇంత నోరున్న నాకూ లేకపోయింది. మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. మామ స్విచ్ మీద చెయ్యి వేశాడు. మా పిల్ల వెనకే పోయి ఆయన ధోతి పట్టుకు లాగింది.

"తాతా, అద్దు."

చేతిలో కండె లాక్కోబోతే ఆడబిడ్డ కొడుకు అరిచే అరుపే అది. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాని ముందు గొంతుక్కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మల్లొక్కసారి అను బిడ్డా."

ఆ పిల్ల పుట్టిన ఇన్నాళ్లకు మామ దానితో నోటితో అన్న మొదటి మాట అది.